పాతవి మూడూ అలైన్‌మెంట్ తప్పినాయి

ఎండాకాలంలో పాలకు ఓపిక ఉండదు. కొత్తకోడలైనా అత్త సాధింపును రెండు పూటలు ఓర్చుకుంటుందేమో గానీ, మార్కాపురం మే నెల ఎండలో క్యానులో పోసిన పాలు మాత్రం అనుకున్న వేళకంటే కాస్త ఎక్కువ కూర్చోమంటే కూర్చోవు. విరిగి కూర్చుంటాయి.

ఆ సంగతి రామసుబ్బయ్యకు బాగా తెలుసు. సగం జీవితం లారీలు తిప్పి, నడుము నొప్పి మొదలయ్యాక తర్లుపాడు రోడ్డులో పాల డెయిరీ పెట్టిన మనిషి ఆయన. తర్లుపాడు, కొనకనమిట్ల, దోర్నాల వైపు ఊళ్లలో డెయిరీకి పాల కేంద్రాలున్నాయి. రెండు పూటలా ఆడవాళ్లు పాలు తెచ్చి పోస్తారు. కేంద్రంలోని మిషను పాలలో వెన్న ఎంతుందో చూసి, ఆ సంగతి డెయిరీలోని కంప్యూటరుకు పంపుతుంది. అక్కడినుంచి 'అందింది' అని జవాబు వస్తేనే ఇక్కడ చీటీ బయటికొస్తుంది. ఆఖరి మనిషి చీటీ కూడా వచ్చాకే క్యాన్లకు మూతలు బిగించి వ్యాను కదులుతుంది.

ఈ వేసవిలో ఆ జవాబు సరిగా రావడం లేదు. రాదని కాదు, వస్తుంది. తాళి కట్టడం, అక్షింతలు వేయడం అయిపోయాక పంక్తిలో కూర్చోవడానికి వచ్చే చుట్టంలాగా తీరిగ్గా వస్తుంది. అన్ని ఊళ్లవాళ్లూ ఒకేసారి పాలు పోసే వేళకైతే మరీ అన్యాయం. మిషను ముందు చెయ్యి చాచి నిలబడ్డ మనిషికి చెయ్యి నొప్పి పుట్టేదే గానీ చీటీ పుట్టేది కాదు.

చివరికి ఒకరోజు పొద్దున కొనకనమిట్ల వ్యాను డెయిరీ గేటు దగ్గర ఆగింది. పాలు దించుకునేముందు క్యానుకొక చెంచాడు చొప్పున గాజు గొట్టంలో పోసి కాచి చూస్తారు. ఆ రోజు కాచిన ప్రతి గొట్టంలోనూ పాలు ముక్కలు ముక్కలయ్యాయి. వ్యాను పాలన్నీ మురుగ్గుంతలో పారబోస్తుంటే రామసుబ్బయ్య అక్కడే నిలబడి చూశాడు. తర్వాత నేరుగా కంప్యూటర్లున్న ఏసీ గది గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మాయ్, ఇంకొక్క వ్యాను పాలు విరిగినాయంటే ఈ గదికి తాళమేస్తా. మిషన్లన్నీ పీకి విజయవాడ కంపెనీవాళ్లకు అప్పజెప్తా. వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. కేకలేయలేదు. ఆయన కేకలేస్తే భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం.

గదిలో ఉన్నది అరుణకుమారి. వాళ్లది గొర్రెలు, గేదెలు కాచుకునే ఇల్లు. మార్కాపురంలో కంప్యూటర్ డిగ్రీ చేసి ఈ డెయిరీలో చేరింది. అప్పటికి అక్కడున్నది బూజు పట్టిన గది ఒకటి, మూలన పాత సామాను. ఆ గదిలో ఒక్కో తీగా ఆమె లాగిందే, ఒక్కో మిషనూ ఆమె నిలబెట్టిందే. తాళం వేస్తానంటే ఉద్యోగం పోతుందన్న దిగులు ఒక పాలైతే, చేతులారా పెంచిన గొర్రెపిల్లను సంతకు తోలుతామన్న మాట విన్నట్టయింది ఆమెకు.

"పోనీయను" అనుకుంది. పైకి మాత్రం, చూస్తాను పెదనాయనా అంది.

మరి ఇలాంటి సమయంలో ఓదార్చేవాళ్లు దొరుకుతారా? దొరికినవాడు ఓబులేసు. డెయిరీ డ్రైవర్లకు పెద్ద. అరుణకు మామ వరస అవుతాడు. ఆ మాటకొస్తే డెయిరీలో ఆయన అందరికీ మామే. కొత్త గుమాస్తా చేత గేదె కొమ్ముకు పాస్‌వర్డు అడిగించిన ఘనుడు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, ఇంత చలిలో పెడితే మిషన్లు ముసుగుతన్ని పడుకోక ఏం చేస్తాయి, తలా ఒక గొంగడి కప్పి చూడు పాపా అని సలహా ఇచ్చాడు. అరుణ తల తిప్పలేదు. తిప్పకపోతే ఆయనకు మరీ హుషారు. ఇంకో నాలుగు సలహాలు ఇచ్చి పోయాడు.

ఆమె ఆ రోజూ, మర్నాడూ ఆ పని మీదే కూర్చుంది. కేంద్రాల నుంచి వచ్చే తీగలు చూసింది, బాగున్నాయి. సర్వర్లు చూసింది, వాటికి అలుపే లేదు. అలిసిపోతున్నది ఇంకొకటి.

ఆ గదిలో నిజంగా ఉన్నవి రెండే పెద్ద సర్వర్లు. ఒక ఇంట్లో అన్నదమ్ములు వేరు కాపురాలున్నట్టు, వాటిలోపల చాలా ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తుంటాయి. వర్చువల్ మిషన్లంటారు. ఒకటి పాల లెక్క చూస్తుంది, ఒకటి వెన్న లెక్క, ఒకటి రిపోర్టులు, ఇలా ఎవరి పని వాళ్లది. కానీ సామాను దాచుకోవడానికి అందరికీ ఒకటే కొట్టు. నెట్‌వర్కు తీగ చివర కూర్చున్న ఉమ్మడి స్టోరేజీ పెట్టె. ఆ పెట్టె, వచ్చిన పనికి రెండింతల పని చేస్తోంది. ఎందుకు చేస్తోందో అరుణకు తెలిసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆనందం పట్టలేక బయటికొస్తే, క్యాన్లు కడిగే అరుగు మీద ఓబులేసు ఒక్కడే దొరికాడు. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆమెకు అన్నం దిగేలా లేదు.

అరుగు మీద ఖాళీ క్యాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. అరుణ మొదటి క్యాను చూపించి అడిగింది.

"మామా, ఒక్కో ఇల్లు సరిగ్గా ఒక్కో క్యాను పాలు పోస్తాదనుకో. అందరూ వరసగా పోస్తే?"

"ఒక్కో క్యాను నిండుతాది. దానికి డిగ్రీ కావాల్నా?"

"మొదటి క్యానులో అడుగున ముందే రెండు చెంబుల నీళ్లుంటే?"

ఓబులేసు తల గోక్కున్నాడు. మొదటి ఇంటి పాలు ఆ క్యానులో పట్టవు, మిగిలింది రెండో దాంట్లో పోయాలి. రెండో ఇంటివి సగం రెండో దాంట్లో, సగం మూడో దాంట్లో. వరసాఖరు దాకా ఏ ఇంటి పాలూ ఒకే క్యానులో ఉండవు. ఒక్కొక్కరి పాలకు రెండేసి మూతలు తెరవాలి, రెండేసి మూతలు మూయాలి.

"మనకు జరుగుతాండేది అదే" అంది అరుణ. స్టోరేజీ పెట్టెలో సమానమైన గళ్లుంటాయి. కొత్త మిషన్లు గడి మొదట్లో నుంచే రాసుకుంటాయి. పాల లెక్క, వెన్న లెక్క, రిపోర్టులు చూసే పాత మిషన్లు మూడింటికి మాత్రం ముందు కొంచెం చోటు వదిలి, గడి మధ్యలోంచి మొదలుపెట్టే పాతకాలపు అలవాటు. అందుకే అవి ఒక మాట రాస్తే పెట్టె రెండు గళ్లు తెరిచి మూయాలి. కేంద్రాలన్నీ ఒకేసారి పంపే వేళకు పెట్టెకు ఊపిరాడదు. దీన్ని అలైన్‌మెంట్ తప్పడం అంటారు. మిషన్ని ఆపి, దాని డిస్కు మొత్తాన్నీ గడికి సరిగ్గా జరిపితే పోయే రోగం.

ఓబులేసు అంతా విని, ఆ రెండు చెంబుల నీళ్లు పోసినోడు పాలలో నీళ్లు కలిపే మన ఊరోడే అయ్యుంటాడని తేల్చాడు.

ఇక మిగిలింది రామసుబ్బయ్య అనుమతి. ఆయన ఆ రోజు గిద్దలూరులో ఎవరి పెళ్లిలోనో ఉన్నాడు. అరుణ ఫోను చేస్తే అవతల ఆయనకంటే ముందు మేళం పలికింది. ఆమె గొంతు పెంచి చెప్పాల్సివచ్చింది.

"పెదనాయనా, ఎందుకు నిదానమో తెలిసిపోయింది. పాతవి మూడూ అలైన్‌మెంట్ తప్పినాయి. మధ్యాన్నం పూట ఆపి సరిచేయాల."

"అట్లనా. నేను అనుకుంటానే ఉండా. రేపు మధ్యాన్నమే చేయించు. ఓబులేసుకు నేను చెప్తాలే."

ఇందులో ఓబులేసుకు చెప్పేదేముందో అరుణకు అర్థం కాలేదు. కానీ పెళ్లింట్లో దొరికిన అనుమతి వియ్యంకుడి నవ్వు లాంటిది, ఎక్కువ తరచి చూడకూడదు. ఫోను పెట్టేసింది.

ఇక్కడ ఒక మాట. డెయిరీలో పాత వ్యాన్లు కూడా మూడే. మార్కాపురంలో అలైన్‌మెంట్ అనే మాటకు అర్థం ఒకటే: కంభం రోడ్డులో నాగులు షెడ్డు. చక్రాలు వంకరపోయిన బండిని గుంత మీదికెక్కించి సరిచేసే చోటు. లారీల మనిషి రామసుబ్బయ్యకు ఆ మాట వినగానే ఏం గుర్తుకొస్తుంది? వెంటనే ఓబులేసుకు ఫోను చేసి, రేపు మధ్యాహ్నం పాత వ్యాన్లు మూడూ నాగులు దగ్గర పెట్టించు, అరుణమ్మ కనిపెట్టింది, నువ్వు ఇన్నాళ్లూ ఏం చూస్తున్నావని నాలుగు తిట్టాడు.

ఓబులేసుకు సంగతి మొత్తం తెలుసు కదా. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. తన వ్యాను ఎడమ పక్కకు లాగుతోందని ఏడాదిగా మొత్తుకుంటున్నా పెద్దాయన వినలేదు. నోటి దగ్గరికొచ్చిన ముద్దను కాదనడానికి ఆయనేమైనా సన్యాసా? తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, అట్లనే పెద్దాయనా అన్నాడు.

మర్నాడు పొద్దుటి పాలు దిగాక, ఒకవైపు పాత వ్యాన్లు వరసగా గేటు దాటాయి. ఇంకోవైపు అరుణ పని మొదలుపెట్టింది. ముందురోజు రాత్రే రిపోర్టుల మిషనుకు నకలు తీసి, ఆ నకలు మీద చేసి చూసుకుంది. బాగా వచ్చింది. ఇప్పుడు అసలైనది, పాల లెక్క చూసే మిషను. మూడింటిలో పెద్దది, అన్నిటికంటే పాతది. దాన్ని ఆపింది. నకలు తీసి పక్కన పెట్టింది. డిస్కును గడికి జరిపే పని మొదలుపెట్టింది. పని ఎంతయిందో చూపించే గీత తెరమీద చీమలా ముందుకు కదలసాగింది.

గీత సగం దాటిందో లేదో, రామసుబ్బయ్య వచ్చాడు. గిద్దలూరు నుంచి నేరుగా, మెడలో పెళ్లివాళ్లు వేసిన కండువాతోనే. ఆఫీసులో గుమాస్తాలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే సంగతేందని అడిగాడట. కంప్యూటర్ ఆగిందన్నారు.

"ఎవరు ఆపమన్నారమ్మా?" అన్నాడు గదిలోకొచ్చి. మెల్లగానే అన్నాడు.

"మీరే కదా పెదనాయనా, నిన్న ఫోనులో."

"నేను వ్యాన్లు చేయించమంటిని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అరుణకు క్షణంలో మొత్తం అర్థమైంది. పొద్దున గేటు దాటుతూ ఓబులేసు తన కిటికీ వైపు చూసి హారను ఎందుకు కొట్టాడో కూడా అర్థమైంది. ఆయన సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రామసుబ్బయ్య చెయ్యి ఎత్తి తెర చూపించాడు. సాయంత్రం పాలకు ఎన్నో గంటలు లేవని, ఇప్పుడే ఆ మిషను మళ్లీ నడిపించమని, ఈ ప్రయోగాలు తన పాల మీద వద్దని అన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"పెదనాయనా, మీ వ్యాన్లు ఈపాటికి నాగులన్న గుంత మీద చక్రాలు ఊడదీసి ఉంటాయి. ఇప్పుడు ఉన్నపళంగా తెమ్మంటే తెస్తారా?"

"చక్రాల్లేకుండా ఎట్ల తెస్తారు?"

"ఇది కూడా అంతే. చక్రాలు ఊడదీసి ఉండా. పాతదాన్ని వెనక్కి పెట్టాలన్నా పెట్టొచ్చు, నకలు ఉండాది. కానీ దానికీ ఇంతే సేపు పడతాది. పెట్టినాక మళ్లీ ఆ వంకర బండే. ముందుకుపోయినా అంతే సేపు. నేను ముందుకే పోతా."

లారీ మనిషికి గుంత మీదున్న బండి సంగతి ఇంకొకరు చెప్పాలా? రామసుబ్బయ్య గోడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పోలేదు. అది అనుమతో, కాపలానో తెలియలేదు అరుణకు. ఏదైనా ఒకటే.

గీత చివరికొచ్చింది. పని అయిందని తెర చెప్పింది. అరుణ మిషన్ని లేపింది.

లేవలేదు. నల్లటి తెర, మూలన మిటుకు మిటుకుమంటూ ఒక చుక్క.

నకలు మీద ఇలా కాలేదే. మళ్లీ లేపింది. మళ్లీ నల్లటి తెరే. వెనక స్టూలు కిర్రుమంది. ఆమె కళ్లు మూసుకుని ఆలోచించింది. రిపోర్టుల మిషను కొంచెం కొత్తది. ఇది అన్నిటికంటే పాతది. ఇది లేచే పద్ధతి, దీన్ని లేపే చిన్న ప్రోగ్రాము కూడా పాతవే. ఇల్లు మొత్తాన్నీ ఒక అడుగు పక్కకు జరిపాం. కానీ పొద్దున వచ్చి తలుపుకొట్టి లేపేవాడికి ఆ సంగతి చెప్పలేదు. వాడు పాత గుమ్మం ఉన్నచోట నిలబడి గాలిని కొడుతున్నాడు. వాడికి కొత్త గుమ్మం చూపించాలి.

దారి తెలిసింది గానీ టైము? పిల్లలు పాలు తాగే వేళ దాటుతోంది. ఇంకాసేపట్లో ఊళ్లలో గిన్నెలు కడుక్కుని గేదెల కిందికి కూర్చుంటారు. పితికిన పాలు కేంద్రానికొచ్చి, చీటీ రాక ఆగిపోతే మళ్లీ మొన్నటి కథే. అప్పుడు ఈ గదికి తాళం పడుతుంది.

పితికితే కదా. గేదెలు కాచిన ఇంటి పిల్ల ఆమె. ఆలోచన వచ్చిన మరుక్షణం ఫోను తీసింది. తర్లుపాడు కేంద్రం నడిపే సరస్వతమ్మకు చేసింది.

"అత్తా, ఈ పూట పాలు అప్పుడే పితకొద్దని అందరికీ చెప్పు. దూడల్ని పొదుగు దగ్గరికి వదలొద్దను. నేను ఫోను చేసినాకనే పితకాల."

"ఏందే, గేదెలకు కూడా కంప్యూటర్ పెడతాండావా?"

"పొదుగులో ఉన్న పాలు విరగవు అత్తా. క్యానులో ఉన్నవే విరుగుతాయి. కాసేపు ఆపితే గేదె అరుస్తాది, అంతే కదా."

సరస్వతమ్మ, అరిస్తే అరవనీలే, నా మొగుడు అరిచినదానికంటే ఎక్కువా అని ఫోను పెట్టేసింది.

అరుణ తక్కిన కేంద్రాలకు చేయడానికి నంబరు వెతుకుతుంటే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది. రామసుబ్బయ్యది.

"ఆ ఫోన్లు నేను చేస్తా. నువ్వు ఆ మిషను సంగతి చూడు" అన్నాడు. వరండాలోకి పోయి ఒక్కో కేంద్రానికీ ఆయనే చెప్పాడు. పెద్దాయనే స్వయంగా ఫోను చేసి గేదెల్ని ఆపమనడంతో, దోర్నాల వైపు ఎవరో ఇదేదో గ్రహణం అనుకుని ఇంట్లో అన్నం మీద దర్భ కూడా వేశారట. ఆ తప్పు ఎవరూ సరిదిద్దలేదు. పాలు ఆగితే చాలు.

అరుణ బాగుచేసే డిస్కుతో మిషన్ని తెరిచింది. లేపేవాడికి కొత్త చోటు రాసి పెట్టింది. లేపింది. ఈసారి నల్లటి తెర రాలేదు, రెండు వరసల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. అంటే గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి పోలేకపోతున్నాడు. ఆమె పళ్లు బిగించి మళ్లీ మొదటినుంచి చూసింది. తొందరలో గుమ్మం మీద రాయాల్సింది గదిలో గోడ మీద రాసింది. డిస్కు మొదట్లో పెట్టాల్సినదాన్ని డిస్కులోని ఒక భాగంలో పెట్టింది. చెరిపింది. చేతుల చెమట చున్నీకి తుడుచుకుంది. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్లీ రాసింది.

బయట హారన్లు వినిపించాయి. వ్యాన్లు నాగులు దగ్గరనుంచి వచ్చేశాయి. ఓబులేసు గుమ్మంలో తల పెట్టి ఏదో అనబోయాడు. అరుణ వీపు చూశాడు. జీవితంలో మొదటిసారేమో, అనబోయింది మింగేసి, ఖాళీ క్యాన్లు ఎక్కించడానికి పోయాడు.

ఆమె మిషన్ని లేపింది. అక్షరాలు వరసగా దిగాయి. ఆగలేదు. దిగుతూనే ఉన్నాయి. చివరికి పేరు అడిగే చిన్న పెట్టె తెరమీద కనిపించింది. ఆమె లోపలికి పోయి, లెక్కలన్నీ ఉన్నాయో లేదో తెరిచి చూసింది. పొద్దున సరస్వతమ్మ కేంద్రంలో పోసిన పాలు కూడా ఉన్నాయి. డిస్కు ఎక్కడినుంచి మొదలవుతోందో చూసింది. సరిగ్గా గడి మొదట్లో నుంచి.

అప్పుడు గానీ ఆమె వెనక్కి తిరగలేదు. "పితకమని చెప్పండి పెదనాయనా" అంది.

ఆ సాయంత్రం పాలు అన్ని ఊళ్లలోనూ ఒక్కసారే దిగాయి. ఆపి ఉంచిన గేదెలు ఊరుకుంటాయా? రోజూ కొంచెం ముందూ వెనకా వచ్చేవాళ్లు కూడా ఒకరి మీద ఒకరు పడి వచ్చారు. కేంద్రాల దగ్గర అంత రద్దీ ఎప్పుడూ చూడలేదన్నారు. అరుణ తెర ముందు కూర్చుని స్టోరేజీ పెట్టెను చూస్తూ ఉంది. రద్దీ పెరిగేకొద్దీ ఆమె వేళ్లు చున్నీ కొసను మెలిపెట్టాయి. పెట్టె ఊపిరి పీల్చుకుంటూనే ఉంది. ఇంకా పాత మిషన్లు రెండు మిగిలే ఉన్నాయి కాబట్టి పూర్తిగా కులాసాగా లేదు గానీ, ఉక్కిరిబిక్కిరి కాలేదు. తర్లుపాడు నుంచి సరస్వతమ్మ ఫోను చేసి, చీటీ చెయ్యి చాచకముందే వచ్చిందని, ఒకామె బెదిరి వెనక్కి దూకిందని చెప్పింది.

వ్యాన్లు వచ్చాయి. కొనకనమిట్ల వ్యాను చివరగా వచ్చింది. రామసుబ్బయ్య కాచి చూసే పనివాణ్ని పక్కకు జరగమని, గాజు గొట్టం తనే పట్టుకున్నాడు. మొదటి క్యాను పాలు మంట మీద పెట్టాడు. అరుణ గుమ్మంలోంచి బయటికొచ్చి నిలబడింది. పాలు వేడెక్కాయి, అంచు నురగ కట్టింది, పొంగి ఆయన వేళ్ల మీదికొచ్చాయి. విరగలేదు. రెండో క్యాను. విరగలేదు. వరసంతా అంతే. ఆయన కాలిన వేళ్లు కండువాకు తుడుచుకున్నాడు.

ఓబులేసు వ్యాను దిగి, ఇప్పుడు తన బండి చెయ్యి వదిలినా రోడ్డు మీద గీత గీసినట్టు పోతోందని, ఇదంతా అరుణమ్మ చలవేనని అందరికీ వినపడేలా ప్రకటించాడు. అరుణ దగ్గరికి పోయి, అయినవాడివని ఊరుకుంటున్నా మామా, లేకపోతే నీ చీటీలన్నీ గేదె పేరు మీద వచ్చేలా చేసేదాన్ని అంది. రామసుబ్బయ్య ఇద్దరినీ చూశాడు. జరిగిన మతలబు ఆయనకు అర్థమైనట్టే ఉంది. ఆ లెక్క ఇంకోరోజు తేలుస్తాననే చూపు ఓబులేసు మీద పారేసి, అరుణ వైపు తిరిగాడు.

"మూడంటివే, ఇంకా రెండు ఉండాయి కదా?"

"ఉండాయి పెదనాయనా. వెన్న లెక్కది రేపు చేస్తా. రిపోర్టులది ఎల్లుండి."

"రేపటిది కూడా లేవకపోతే?"

"లేపుతా" అంది అరుణ.

ఆయన తలూపాడు. ఆఫీసు గదిలోకి పోతూ, సరస్వతమ్మకు, తక్కిన కేంద్రాలకు అప్పుడే ఫోను కలిపాడు. రేపు సాయంత్రం కూడా దూడల్ని కాసేపు ఆపాలని చెప్పడం గోడ అవతలినుంచి వినపడింది. అరుణ ఏసీ గదిలోకి పోయి, వెన్న లెక్క మిషనుకు నకలు తీయడం మొదలుపెట్టింది.